స్నోఫ్లేక్ రెప్లికేషన్‌లో మాస్కింగ్ పాలసీ ఎర్రర్: సమాధానం

అన్నా, స్నోఫ్లేక్‌లో (క్లౌడ్‌లో డేటా ఉంచుకునే సర్వీసు) చిత్తూరు మామిడి రైతుల చెల్లింపుల డేటాబేస్ కాపీ రెండో అకౌంట్‌కి రిఫ్రెష్ కాకుండా ‘డాంగ్లింగ్ రిఫరెన్స్’ ఎర్రర్ (టేబుల్ వాడుకునే పాలసీ వెంట రావడం లేదని అర్థం) వస్తోందన్నారు. బ్యాంకు ఖాతా నంబర్లను దాచే మాస్కింగ్ పాలసీ వేరే డేటాబేస్‌లో ఉందని మీరే రాశారు, చిక్కంతా అక్కడే. పాలసీ వెంట రాకుండా టేబుల్ ఒక్కటే పోనివ్వదు స్నోఫ్లేక్. అదీ మంచిదే, లేదంటే తోతాపురి రైతుల ఖాతాలన్నీ అక్కడ బట్టబయలు!

రెండు డేటాబేస్‌లనూ ఒకే రెప్లికేషన్ గ్రూప్‌లో (కలిపి కాపీ అయ్యే వాటి జాబితా) పెట్టి రిఫ్రెష్ చేయండి. ఏ పాలసీ ఎక్కడ తగిలించారో ‘పాలసీ_రిఫరెన్సెస్’ ఫంక్షన్‌తో ముందే చూసుకోండి. పాలసీలో ‘కరెంట్_రోల్’ (చూస్తున్నవారి రోల్, అంటే అనుమతుల హోదా, పేరు చెప్పే ఫంక్షన్) వాడి ఉంటే, అవే పేర్లతో రోల్స్ అవతల కూడా ఉండాలి. మీది స్నోఫ్లేక్ ప్లాన్‌లలో పైస్థాయిదైన బిజినెస్ క్రిటికల్ ఎడిషన్ అయితే రోల్స్‌నీ గ్రూప్‌లోనే చేర్చవచ్చు, లేదంటే చేత్తో సృష్టించుకోవాల్సిందే. అవతలి అకౌంట్ స్టాండర్డ్ ఎడిషన్ కాదు కదా? అదైతే మొదటి రిఫ్రెషే ఫెయిలవుతుంది, కనీసం ఎంటర్‌ప్రైజ్ కావాలి.