పైనుంచి తీసిన ఒక్క ఫోటోతో పుట్టగొడుగు పేరు చెప్పలేం

వాన పడ్డాక గడ్డిలో పెద్ద తెల్ల పుట్టగొడుగు మొలిచిందని, ఫోటో చూసి పేరు చెప్పమని, తినొచ్చో లేదో కూడా చెప్పమని అడిగారు. మీ ఫోటోలో గొడుగు పైభాగం తప్ప ఇంకేమీ లేదు. దాన్ని చూసి పేరు చెప్పేవాళ్లు ఎంతమందైనా దొరుకుతారు కానీ, వాళ్ల మాట మీద ఆధారపడకండి. పుట్టగొడుగు గుట్టంతా గొడుగు కిందా, మట్టిలోపలా ఉంటుంది. మీ ఫోటోలో ఆ రెండూ లేవు.

నేనింత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఒకసారి మా ఇంటి దగ్గర గడ్డిలో అచ్చం ఇలాంటివే గుండ్రంగా వలయం కట్టి మొలిచాయి. పక్కింటాయన గిన్నె నిండా తెంపుకొచ్చి, "మా చిన్నప్పుడు తిన్నవి ఇవే తమ్ముడూ, తెల్లగా ఉన్నాయంటే మంచివే" అన్నారు. అన్నీ కాడ మధ్యకు విరిచి తెచ్చినవే, ఒక్కదానికీ అడుగు భాగం లేదు. "అన్నయ్యా, ఈ ఒక్క రాత్రికి ఆగండి, రేపు పొద్దున చెప్తాను" అని బతిమాలి, చాకు పట్టుకుని నేనే మళ్లీ గడ్డిలోకి వెళ్లాను.

ఒకదాని చుట్టూ మట్టి తవ్వి, అడుగుతో సహా పెళ్లగించాను. కాడ అడుగు కాస్త ఉబ్బి ఉంది కానీ దాని చుట్టూ సంచి లేదు. నేను మొదట వెతికేది ఆ సంచినే. ప్రాణాలు తీసే అమానిటా ఫాల్లాయిడిస్ అనే పుట్టగొడుగుకు కాడ మొదట్లో తెల్లటి పొరతో సంచి ఉంటుంది, అది చాలాసార్లు మట్టిలోనే ఉండిపోతుంది. పైకి కనిపించినంత వరకు విరిచి తెచ్చినవాడికి ఆ ఆనవాలు ఎప్పటికీ దొరకదు.

తర్వాత స్కేలు పెట్టి కొలిచాను. గొడుగు వెడల్పు 18 సెంటీమీటర్లు. పైన తెలుపు, దాని మీద గోధుమరంగు పొలుసులు, అవి కూడా నడినెత్తిన దట్టంగా, అంచుకు వచ్చేసరికి పలచగా ఉన్నాయి. వేలితో రాస్తే పొలుసులు ఊడి వచ్చాయి. అందుకే పొలుసుల మీద పూర్తిగా ఆధారపడకూడదు. గట్టి వాన కురిస్తే అమానిటా జాతుల నెత్తి మీది మచ్చలు కూడా కొట్టుకుపోతాయి. గొడుగు తిరగేస్తే కింద మొప్పలు, అంటే పలచటి రేకుల్లాంటివి, తెల్లగా, దగ్గర దగ్గరగా ఉన్నాయి. కాడను తాకకుండా కొద్ది దూరంలోనే ఆగిపోయాయి. మొప్పలు కాడకు అంటుకున్నాయా, కాడ మీదికి జారాయా, విడిగా ఉన్నాయా అన్నది తప్పకుండా రాసుకోవాలి, చాలా జాతులు అక్కడే విడిపోతాయి. కాడ మీద మందపాటి ఉంగరం ఉంది, మెల్లగా కదిపితే చేతి గాజులా పైకీ కిందికీ జరిగింది. కాడను నిలువునా కోసి, రంగు మారుతుందేమోనని కాసేపు చూశాను, వాసన చూశాను. అడుగున ముదురు పసుపు తిరిగి ఫినాయిల్ లాంటి ఘాటు వస్తే అది అగారికస్ జాంథోడెర్మస్ అయి ఉండొచ్చు. అది తింటే చాలామందికి కడుపు చెడుతుంది. నా చేతిలో ఉన్నదానికి ఆ రెండూ లేవు.

ఇంతవరకు చూసినవి తినదగిన పెద్ద గొడుగు జాతులకూ సరిపోయే లక్షణాలే. తేల్చి చెప్పేది స్పోర్ ప్రింట్, అంటే మొప్పల నుంచి పొడిలా రాలే బీజాల అచ్చు. కాడ తీసేసి, సగం తెలుపు సగం నలుపు ఉండేలా అతికించిన కాగితం మీద గొడుగును మొప్పలు కిందికి ఉండేలా బోర్లించి, గాలి తగలకుండా పైన గిన్నె మూశాను. తెల్ల బీజాలు తెల్ల కాగితం మీద కనిపించవు, అందుకే నలుపు కూడా ఉండాలి. పొద్దున గిన్నె ఎత్తి, గొడుగు తీసి చూస్తే కాగితం మీద మొప్పల గీతలు గీతలుగా పొడి రాలి ఉంది. ఆ పొడి పాలిపోయిన ఆకుపచ్చ. ఈ పోలికలన్నింటితో పాటు ఆకుపచ్చ పొడి వచ్చిందంటే అది క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్, తింటే కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. దాని మొప్పలు లేతగా ఉన్నప్పుడు తెల్లగానే ఉంటాయి, బీజాలు ముదిరాక కానీ పచ్చదనం తిరగవు. పక్కింటాయన తెచ్చినవన్నీ లేతవే. కాగితం చూపించాక ఆయన మారుమాట లేకుండా గిన్నె ఖాళీ చేసేశారు.

స్వీడన్‌కు చెందిన వృక్షశాస్త్రవేత్త ఎలియాస్ ఫ్రీస్ మొప్పలున్న పుట్టగొడుగులను బీజాల రంగును బట్టి 1821 నాటికే వర్గీకరించాడు. ఒక కాగితం, ఒక గిన్నె ఉంటే ఎవరైనా ఇంట్లో చేసుకోగల పరీక్ష ఇది. అయినా జనం ఇది వదిలేసి ఫోన్‌లో ఫోటో చూసి పేరు చెప్పే యాప్ తెరుస్తారు. యాప్‌కు వాసన తెలియదు, మట్టిలోని సంచి తెలియదు, రాత్రంతా రాలే పొడి తెలియదు. పేరు వెతుక్కోవడానికి ఒక దారిగా వాడుకోండి, కాదనను. దాని మాట మీద పొయ్యి వెలిగించడం మాత్రం తప్పు.

వెండి చెంచా నల్లబడితే విషం, పురుగులు తింటే మంచిది, బాగా ఉడికిస్తే విషం పోతుంది, చెక్క మీద మొలిచినవి సురక్షితం అనే మాటలు వింటే నాకు నిజంగా కోపం వస్తుంది. అమానిటా ఫాల్లాయిడిస్‌లోని అమటాక్సిన్లు అనే విషాలు ఉడికించినా పోవు. గలెరినా మార్జినాటా అనే పుట్టగొడుగు చెక్క మీదే మొలుస్తుంది, అందులోనూ అదే విషం. ఇంకా భయపెట్టేదేమిటంటే, ఆ విషం తిన్న వెంటనే బయటపడదు. సాధారణంగా ఆరు గంటలు దాటాకే వాంతులు మొదలవుతాయి, మధ్యలో కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది, ఆ సమయంలోనే లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. ఎవరైనా పొరపాటున తింటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లండి, మిగిలిన ముక్కలు, చెత్తలో పడేసిన కాడలతో సహా, వెంట తీసుకెళ్లండి.

ఇక మీ పుట్టగొడుగు సంగతి. అది గడ్డిలోనే మొలిచిందా, కింద మట్టిలో పూడిపోయిన చెక్క ఏమైనా ఉందా చూడండి. ఒంటరిగా ఉందా, గుంపుగానా, వలయంగానా? లేతది ఒకటి, ముదిరినది ఒకటి అడుగుతో సహా తవ్వండి. పై నుంచి, పక్క నుంచి, మొప్పల వైపు, నిలువునా కోసిన కాడ, ఇలా వేర్వేరు ఫోటోలు తీయండి, పక్కన స్కేలు పెట్టండి. రాత్రికి గొడుగును కాగితం మీద బోర్లించి, పొద్దున ఏ రంగు రాలిందో రాయండి. అప్పుడు పేరు గురించి మాట్లాడుకుందాం. అవన్నీ సరిపోయినా, తినమని మాత్రం నేను చెప్పను. ఆ మాట చెప్పాల్సింది పుట్టగొడుగును చేతిలోకి తీసుకుని పరీక్షించిన నిపుణుడే.