ఉపగ్రహం కక్షలోనా, కక్ష్యలోనా?

సందేహం: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. 'భూమి తన చుట్టూ తాను పరిభ్రమిస్తూ సూర్యుడి చుట్టూ భ్రమిస్తుంది' అని రాస్తే మాస్టారు మార్కు కోసేశారు. రెండూ తిరగడమే కదా అని వాడి గొడవ. పైగా చంద్రుడికి అసలు భ్రమణమే లేదంటాడు. ఇంకొకటి, శ్రీహరికోటలో రాకెట్ వదిలినప్పుడల్లా ఒక పేపర్లో 'కక్ష', ఇంకో పేపర్లో 'కక్ష్య' అని వస్తోంది. ఏది ఒప్పు?
– ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: మార్కు పోవడం న్యాయమేనమ్మా. కానీ పిల్లవాడి గొడవలోనూ పస ఉంది.

తెలుగులో ఫ్యానూ తిరుగుతుంది, గుడి చుట్టూ భక్తులూ తిరుగుతారు, పనీపాటా లేనివాడు ఊరంతా తిరుగుతాడు. ఏ తిరుగుడో తెలియాలంటే 'తన చుట్టూ తాను' అనో, 'దాని చుట్టూ' అనో ముందు తగిలించాలి. సంస్కృతంలో ఆ 'చుట్టూ' పనిని 'పరి' అనే ఉపసర్గ చేస్తుంది. పరిధి, పరిసరం, పరివేషం అన్నిట్లో ఉన్నది అదే. (పరివేషమంటే మరేం లేదు, చంద్రుడి చుట్టూ కనబడే వరదగుడి.) అందుకే బొంగరంలా తనలో తాను తిరిగితే భ్రమణం, మరొకదాన్ని చుట్టివస్తే పరిభ్రమణం అని పాఠ్యపుస్తకాలు కట్టుబాటు పెట్టుకున్నాయి. భూమికి మొదటిది 23 గంటల 56 నిమిషాల పని, రెండోది 365 రోజుల ఆరు గంటల పని. మీవాడు ఆ రెంటినీ తారుమారు చేశాడు.

ఇది కట్టుబాటే సుమా, వ్యాకరణ సూత్రం కాదు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో 'కక్ష్యాప్రతిమండలగా భ్రమంతి సర్వే గ్రహాః స్వచారేణ' అని ఉంది. గ్రహాలు చుట్టివచ్చే చోట కూడా ఆర్యభటుడు 'భ్రమంతి' అనే అన్నాడు. ఈ సంగతి మీవాడికి చెప్పండి, సంతోషిస్తాడు. పరీక్షలో మాత్రం మాస్టారి మాటే రాయమనండి.

ఇక చంద్రుడు. ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తున్నాడు కాబట్టి తనలో తాను తిరగడం లేదని చాలామంది పొరబడతారు. చిన్నప్పుడు ఒంగోలు దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో నువ్వుల గానుగ ఉండేది. దానికి కట్టింది పేరున్న ఒంగోలు గిత్తేం కాదు, కళ్లకు గంతలతో ఒక ముసలెద్దు. గానుగ రోలు దగ్గర కూర్చున్నవాడికి ఎంతసేపూ దాని ఒక పక్క డొక్కే కనబడుతుంది. అదే గోడ మీద కూర్చుని చూస్తే? ఒక చుట్టు పూర్తయ్యేలోగా ఎద్దు మూతి తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అన్నిటికీ తిరిగి వస్తుంది. అంటే ఒక చుట్టులో తన చుట్టూ తాను కూడా ఒకసారి తిరిగినట్టే. చంద్రుడిదీ ఇదే లెక్క. భ్రమణానికీ పరిభ్రమణానికీ ఆయనకు పట్టేది ఒకటే కాలం, 27 రోజుల పైచిలుకు.

కక్ష్య సంగతి పైన శ్లోకంలోనే దొరికింది, ఆర్యభటుడు యకార వత్తుతోనే వాడాడు. సంస్కృతంలో ఏనుగు నడుముకు బిగించే పట్టీని కక్ష్య అంటారు. ఇల్లు చుట్టిన ఆవరణకూ ఆ మాట ఉంది. గ్రహం చుట్టివచ్చే దారికి ఇంతకన్నా నప్పే మాట ఏముంటుంది? అయితే సూర్యసిద్ధాంతంలో 'కక్షా' అనే రూపమూ ఉంది, హిందీవాళ్లు నేటికీ అదే వాడతారు. కాబట్టి 'కక్ష' అని రాసే పేపరువాళ్లకు బొత్తిగా ఆధారం లేదనలేం. కానీ తెలుగులో కక్ష అంటే పగ. కక్ష కడతాం, కక్ష తీర్చుకుంటాం. 'ఉపగ్రహం కక్షలోకి చేరింది' అని చదివితే అది ఎవరి మీద పగబట్టిందోనని నాకైతే నవ్వొస్తుంది. కక్ష్య అనే రాయండి. 2022లో శ్రీహరికోట మన నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు పోయింది గానీ, మేడెక్కి రాకెట్టు చూసే అలవాటు మనకు పోలేదు. దాని మాటైనా సరిగ్గా రాయాలి కదా.

మీరు అడగకపోయినా ఇంకో మాట చెబుతాను. కక్ష్యలో గ్రహం సూర్యుడికి బాగా దగ్గరయ్యే చోటు పరిహేళి, బాగా దూరమయ్యే చోటు అపహేళి. ఈ హేళి గ్రీకుల సూర్యుడు హేలియోస్. ఎప్పుడో మన జ్యోతిషంలోకి వచ్చేసి, వరాహమిహిరుడి నాటికే సూర్యుడి పేర్లలో ఒకటైపోయాడు. భూమి పరిహేళికి చేరేది జనవరి మొదట్లో, అప్పుడు దూరం సుమారు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్లు. జులై మొదట్లో 15 కోట్ల 21 లక్షలు. మన ఎండలకు కారణం భూమి అక్షం వాలే గానీ ఈ దూరం కాదు. రోహిణి కార్తెలో నెల్లూరు నిప్పుల కుంపటి అయ్యేనాటికి భూమి సూర్యుడికి దూరంగానే జరుగుతూ ఉంటుంది.