అడగండి చెప్తాం: పిల్లంగోవి సీను దగ్గర ఆగండి

ప్రశ్న: పోయిన నెల మీరు మెచ్చుకున్న పాత రష్యన్ సినిమా హామ్లెట్ ఫోన్‌లో చూశానండి. మా నాన్నగారు కాటిసీను పద్యం ఎత్తుకుంటే జనం వన్స్‌మోర్ కొట్టేవారు. ఈ హీరో సముద్రం ఒడ్డున నడుస్తాడు, అంతే. ఇందులో యాక్టింగ్ ఏటుందండీ?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, నాది మీ పక్కనే కాశీనగర్, చిన్నప్పుడు పర్లాకిమిడిలో నాటకం అంటే అన్నం కూడా తినకుండా వచ్చేసేవాళ్ళం, కాబట్టి కాటిసీను పద్యం విలువ నాకు తెలుసు. ఆఖరి వరసలో చాప మీద కూర్చున్నవాడికి వినపడాలంటే గొంతెత్తాల్సిందే. కానీ కెమెరా మొహానికి జానెడు దూరంలో ఉంటుంది కదా, అక్కడ అంత గొంతు ఎందుకు చెప్పండి.

ఆ హీరో వేషం వేసిన స్మొక్తునోవ్‌స్కీకి గొంతు లేక కాదు, ఆయన పక్కా స్టేజీ మనిషి. 1925లో సైబీరియాలో ఒక పల్లెటూళ్ళో పుట్టాడు, రెండో ప్రపంచయుద్ధంలో కుర్స్క్ దగ్గర పోరాడాడు, 1943లో కీవ్ దగ్గర జర్మన్లకి దొరికిపోయి తప్పించుకుంటే ఒక ఉక్రెయిన్ కుటుంబం ఇంట్లో దాచింది. యుద్ధఖైదీగా ఉండొచ్చినవాళ్ళని సొంత ప్రభుత్వమే అనుమానంగా చూసే రోజులవి, 1946లో ఎక్కడో మంచుదేశం నోరిల్స్క్ వెళ్ళి అక్కడి థియేటర్లో చేరాడు. తర్వాత చిన్నచిన్న ఊళ్ళ స్టేజీలు. 1957లో లెనిన్‌గ్రాడ్‌లో తొవ్‌స్తొనోగవ్ డైరెక్షన్లో దొస్తొయెవ్‌స్కీ నవల ఇడియట్‌ని నాటకంగా వేస్తే అందులో హీరో మీష్కిన్ వేశాక గానీ జనం ఆయన వైపు తిరిగి చూడలేదు.

ఇక మీరు చూసిన సినిమా, 1964, కోజింత్సెవ్ తీసింది. ఒడ్డున నడిచేటప్పుడు పెదాలు కదలవు, మాట మాత్రం మనకి వినపడుతుంది, అంటే అది మనిషి లోపల నడుస్తున్న మాట, దాన్ని పైకి అరిస్తే చెడిపోయేది. పిల్లంగోవి సీను మళ్ళీ పెట్టుకోండి. తన దగ్గర కూపీ లాగడానికొచ్చిన ఇద్దరు స్నేహితులకి హామ్లెట్ పిల్లంగోవి ఇచ్చి వాయించమంటాడు, మాకు రాదంటారు, ఈ చిన్న కర్రముక్క వాయించడం రాదు గానీ నన్ను వాయించేద్దామనుకున్నారా అంటాడు. నేను అక్కడ మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను, కోపం కంటే ముందు బాధ కనపడుతుంది ఆ కళ్ళల్లో, స్నేహితులే ఇలా చేశారే అని.

ఆ మాటలు షేక్‌స్పియర్ నాటకానికి రష్యన్ కవి పస్తెర్నాక్ చేసిన అనువాదం, అంటే కవిత్వమే, అయినా పక్కింటాయన మాట్లాడినట్టు పలుకుతాడు. మాట్లాడే తెలుగే రాయాలని గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడింది మీ ఊళ్ళోనే కదమ్మా, మీకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

నాకైతే 1966లో వచ్చిన ర్యజానొవ్ సినిమాలో ఈయనే వేసిన దేతచ్‌కిన్ అంటే ప్రాణం. ఇన్సూరెన్స్ ఏజెంటు, లంచగొండుల కార్లు దొంగిలించి, అమ్మేసి ఆ డబ్బు అనాథ పిల్లల హోములకి పంపేస్తుంటాడు, సాయంత్రాలు ఔత్సాహిక నాటక సమాజంలో హామ్లెట్ వేస్తాడు, తనని వెతుకుతున్న పోలీసాయనేమో అదే నాటకంలో హామ్లెట్‌తో కత్తియుద్ధం చేసే లేర్టీస్! ఆ పోలీసు వేషం వేసిన యెఫ్రేమొవే తర్వాత మాస్కో ఆర్ట్ థియేటర్‌కి పెద్దయ్యి, 1976లో స్మొక్తునోవ్‌స్కీ చేత చేహొవ్ నాటకంలో ఇవానొవ్ వేషం వేయించాడు.

ఈసారి నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి, సబ్‌టైటిల్స్ మీరు చదివి చెప్తూ ఉండండి. పిల్లంగోవి సీను దగ్గర ఆయన ఏమన్నారో నాకు తప్పకుండా రాయండి.