తలుపు చప్పుడు ఎవర్నీ భయపెట్టదు

అమ్మాయీ,

నీ అనువాదం అందింది. కథ మంచిదే ఎంచుకున్నావు. మూడో పేజీ దాకా కుదురుగానే చదివాను. అక్కడ "తలుపు చప్పుడు ఆమెను భయపెట్టింది" అని కనిపించేసరికి ఎర్ర పెన్ను తీశాను.

మూలంలో ఉన్నది స్టార్టిల్. అది రెప్పపాటు పని. ఆమె ఉలిక్కిపడుతుంది, చేతిలో గ్లాసు తొణుకుతుంది, వచ్చిందెవరో చూసి నవ్వేస్తుంది. భయం ఇంకా పుట్టనే లేదు. "తలుపు చప్పుడుకి ఉలిక్కిపడింది" అంటే సరిపోయేది. భయపెట్టాలంటే ఆ ఉద్దేశం ఉండాలి, అది తలుపుకెక్కడిది? ఇంగ్లీషులో చీకటి, పరీక్షలు, ఉత్తరాలు అన్నీ మనిషి మీదికొచ్చి స్కేర్ చేస్తాయి. తెలుగులో మనిషే వాటికి భయపడతాడు. నువ్వు కర్తను అక్కణ్ణుంచి ఎత్తుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టావు.

టెర్రిఫై దగ్గరా భయపెట్టడమే. హడలెత్తించడం ఏమైపోయింది? పెట్రిఫై దగ్గరా అదే! లాటిన్‌లో పెట్రా అంటే రాయి. వాళ్ళు రాయైపోతే మనం కొయ్యబారిపోతాం. నీ కథలో అతను భయపడి పరిగెత్తాడు.

ఇంటిమిడేట్ దగ్గర నేనూ దెబ్బతిన్నాను. నా మొదటి అనువాదంలో "బెదిరించాడు" అని రాశాను. నిజానికి ఆ అధికారి నోరే విప్పడు. కుర్చీలో వెనక్కి వాలి, ఎదుటివాడి కాగితాలు ఒక్కొక్కటే తిప్పుతుంటాడు, అంతే. ఎదుటివాడు జంకి, అడగాలనుకున్నది మింగేస్తాడు. "ఆయన ముందు నోరు పెగల్లేదు" అనాల్సింది. అచ్చయ్యాక గానీ తట్టలేదు.

ఆ తప్పు నాది. ఎడిటర్ చేసింది వేరు. నేను "గుండె జారింది" అని రాసిన ప్రతిచోటా కొట్టేసి "భయభ్రాంతులకు గురయ్యాడు" అని దిద్దాడు. పత్రికల్లో ఈ గురికావడం ఇప్పటికీ తగ్గలేదు. మోసానికి గురి, ఒత్తిడికి గురి, ఆందోళనకు గురి. బాణాలు వేసే ఆ విలుకాడెవరో నాకింతవరకూ కనపడలేదు.

ముందుమాట గురించీ, పబ్లిషర్ల గురించీ అడిగావు. తర్వాత చూద్దాం.

ఆరో పేజీలో పిల్లవాడి దగ్గర మూలంలో ఉత్త ఫ్రైటెన్ ఉంది. నువ్వు "వాడి గుండెలు పీచుపీచుమంటున్నాయి" అని రాశావు. నాకైతే ఆ మాట తట్టేది కాదు. అది రాసిన చేత్తోనే మూడో పేజీ మళ్ళీ రాసి పంపు.