సపోర్ట్ ఆగిన ఇంటికి, పర్లాకిమిడి నుంచి

పర్లాకిమిడి,
ఆదివారం సాయంత్రం

ప్రియమైన అమ్మాయికి,

ప్రభువు నామంలో మీ ఇద్దరికీ వందనాలు, పిల్లలకి ముద్దులు. నీ మెసేజ్ చూశాను. ఫోన్‌లో మాట్లాడితే నువ్వు ఏడుస్తావు, నేను చెప్పాలనుకున్నది సగం మర్చిపోతాను, అందుకే రాస్తున్నాను. మీ ఆయనకి కూడా చూపించు.

మీ పరిచర్యకి హైదరాబాద్ నుంచి నెలనెలా వచ్చే సపోర్ట్ డబ్బు ఆగిపోయిందని, సంఘంలో ఒకాయన "ఎక్కడో లోపం ఉండి ఉంటుంది, ఉపవాసం ఉండండి" అన్నాడని రాశావు. ఉపవాసం మంచిదే, ఉండండి. లోపం మాట మాత్రం మనసులోకి తీసుకోకు. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని మార్చారు. ఒక సంస్థ తనకు విదేశాల నుంచి వచ్చిన డబ్బుని ఇంకొకరికి బదిలీ చెయ్యకూడదన్నారు. ఆఫీసు ఖర్చులకి వాడుకునే వాటాని సగం నుంచి 20 శాతానికి తగ్గించారు. పెద్ద సంస్థ చేతి మీదుగా మన గుణుపురం, కాశీనగరం వైపు పల్లెల్లో మీ ఆయనలాంటి సంఘ కాపరులకి, అంటే పాస్టర్లకి, అందే డబ్బు చాలామందికి అక్కడే ఆగింది. మీకు ఆగింది అందుకో, పంపే ఆయనకే ఇబ్బంది వచ్చిందో నువ్వు రాయలేదు. ఏదైనా సరే, కష్టాల్లో ఉన్న యోబుతో నీ పాపమే కారణం అన్న స్నేహితుల్లా కారణాలు వెతికేవాళ్ళకి జవాబు చెప్పుకుంటూ కూర్చోవద్దు.

ఈ సమయంలోనే ఫేస్‌బుక్‌లో ఎవడో ఒక విదేశీ "బ్రదర్" తగులుతాడు. మీ పరిచర్య చూసి ప్రభువు నన్ను ప్రేరేపించాడు, డబ్బు పంపుతాను అంటాడు. తర్వాత పార్సిల్ కస్టమ్స్‌లో ఆగింది, ముందు మీరు కొంత కట్టండి అంటాడు. అలాంటివాడు మమ్మల్ని కూడా పలకరించాడు, అదృష్టం కొద్దీ మా అయ్యగారికి, మీ పెద్దనాన్నకి, ఇంగ్లీషు అంతంతమాత్రం. ఒకవేళ వాడు నిజమైనవాడే అనుకో, పరిచర్య కోసం విదేశీ డబ్బు మీ సొంత ఖాతాలో వేయించుకోవడం చట్టం ఒప్పదు. ఖాతా నంబర్ ఇవ్వొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. నీ మెసేజ్‌లో నాకు ఎక్కువ భయం వేసింది డబ్బు లేదన్న మాటకి కాదు. "ఎవరికీ తెలియనివ్వడం లేదు పెద్దమ్మా, దేవుడి మీదే భారం వేశాం" అన్న మాటకి. దేవుడి మీద భారం వేసినవాళ్ళకి దాచవలసిన పని ఏముంది? బైబిల్లో రాజుల రెండో గ్రంథం నాలుగో అధ్యాయం, ఆ విధవరాలి కథ, ఇద్దరూ మళ్ళీ చదవండి. ఆవిడ మనలాంటి మనిషే, ప్రవక్తల శిష్యుల్లో ఒకరి భార్య. భర్త భక్తిపరుడు. భక్తిపరుడే అయినా అప్పు మిగిల్చి చనిపోయాడు, అప్పులవాడు ఇద్దరు పిల్లల్నీ దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఆవిడ వెళ్ళి ఎలీషా ప్రవక్త దగ్గర మొర పెట్టింది. సేవకుడి ఇంటి పరువు పోతుందని నోరు మూసుకుని కూర్చోలేదు. ఎలీషా మొదట అడిగింది "నీ విశ్వాసం ఎంత?" అని కాదు, ఇంట్లో ఏముంది అని. నూనె కుండ ఒకటి ఉందని ఆవిడ చెప్పగలిగింది. తర్వాత ఇరుగుపొరుగు దగ్గర వట్టి పాత్రలు అడిగి తెచ్చుకోమన్నాడు, అంటే ఆవిడ ఇంట్లో ఇబ్బంది ఉందని వీధికంతా తెలిసిపోయి ఉంటుంది. అద్భుతం జరిగాక ఏం చెప్పాడు? నూనె అమ్ము, ముందు అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ పిల్లలూ బతకండి అన్నాడు. మన ప్రసంగాల్లో నూనె పొంగిన దగ్గర గట్టిగా హల్లెలూయ చెప్పి ఆపేస్తాం. ఆ కథలో ఇంటి లెక్క ఉంది, అప్పు తీర్చడం ఉంది. మీరు చెయ్యవలసింది కూడా అదే.

సోమవారం పిల్లలు బడికి వెళ్ళాక ఇద్దరూ నోట్‌బుక్ పెట్టుకుని కూర్చోండి. శనివారం రాత్రి మాత్రం డబ్బు మాట ఎత్తకు, ప్రసంగం చూసుకునే మనిషి నెత్తిన అది పెడితే ఆదివారం సంఘమంతా ఆ టెన్షన్ వింటుంది. ఒక పేజీలో ఇంట్లో ఉన్నవి రాయండి: బియ్యం ఎన్ని రోజులకి వస్తాయి, గ్యాస్ ఎప్పుడు వేశారు, కుట్టు మిషన్, నీ ఒంటి మీద ఉన్న బంగారం. రేషన్ కార్డు ఉంటే మనిషికి నెలకి 5 కిలోల బియ్యం 2023 జనవరి నుంచి ఉచితంగానే ఇస్తున్నారు, కాపరి భార్య క్యూలో నిలబడితే పరువు పోతుందని మానెయ్యకు. రెండో పేజీలో ఇవ్వవలసినవి. కిరాణా కొట్టు బాకీ నువ్వు మనసులో అనుకున్న అంకె రాయొద్దు, కొట్టాయన ఖాతా పుస్తకం చూసి రాయి. చేబదులు ఎవరి దగ్గర తీసుకున్నారో ఆయన నీకు చెప్పనిది ఉంటే ఆ రోజే చెప్పాలి. నువ్వు చెప్పనిది ఉంటే నువ్వూ చెప్పాలి. ఆ పుస్తకం తెరిచి పెట్టే ప్రార్థన చెయ్యండి. కీర్తనల్లో దావీదు దేవుడితో ఎంత నిక్కచ్చిగా మాట్లాడాడో మనకి తెలుసు కదా, మనం మాత్రం పాలవాడి బాకీ మాట దేవుడి దగ్గర ఎత్తడానికి మొహమాటపడతాం.

బాకీల్లో కిరాణా ఆయనది ముందు తీర్చండి. బ్యాంకువాడికి మీ దేవుడెవరో అక్కర్లేదు, వీధి చివర కొట్టాయన మాత్రం చూస్తుంటాడు. ఇవ్వలేని నెల ఆయన అడిగే ముందే వెళ్ళి చెప్పు.

మహిళా గ్రూపు లోన్ గురించి గట్టిగా చెప్తున్నాను, నొచ్చుకోకు. కాపరి భార్య అంటే అందరికీ నమ్మకం, అందుకే నిన్ను గ్రూపు లీడర్‌గా పెట్టి సంతకం చెయ్యమంటారు. అలాంటి లోన్‌లో ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళంతా కలిసి కట్టాలి. వారం వారం వచ్చే కలెక్షన్ కుర్రాడు నీ గుమ్మం ముందు కూర్చుంటాడు, పక్కింటి విశ్వాసులు అన్నీ వింటుంటారు. కట్టని ఆవిడ ఆదివారం మందిరానికి రావడం మానేస్తుంది. అలా అప్పుతో పాటు మనిషీ పోవడం నేను చూశాను. పరాయివాడి కోసం పూచీ పడొద్దని సామెతల గ్రంథం ఊరికే అన్నదా? ఫోన్‌లో పది నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌ల జోలికి అసలు పోవద్దు. తప్పనిసరైతే బ్యాంకులో బంగారం పెట్టు, అదీ ఇద్దరూ అనుకున్నాకే.

సంఘం డబ్బు, ఇంటి డబ్బు ఒకే పర్సులో ఉండకూడదు. మొన్న మందిరంలో కోత పండుగలో చూశావు కదా, గుమ్మడికాయలు, కందుల మూట, పసుపు కొమ్ములు, కాళ్ళు కట్టిన కోడి అన్నీ వేలం వేశారు. ఆ పక్కనే సవర గూడెం నుంచి నడిచొచ్చిన ముసలమ్మ కొంగు ముడి విప్పి, చెమటకి మెత్తబడిన పది రూపాయల నోటు, దాంతో పాటు గుప్పెడు చోళ్ళు, అదే రాగులు, పెట్టింది. నోటుకి రెండు చోడి గింజలు అంటుకుని ఉంటే దులిపి మళ్ళీ పళ్ళెంలో వేసింది. ఆ పది రూపాయలు కాపరి ఒక్కడే లెక్కపెట్టకూడదు. ఇద్దరు పెద్దలు లెక్కపెట్టాలి, పుస్తకంలో రాయాలి, సంతకం పెట్టాలి. మీ ఆయన మీద అనుమానంతో కాదు, రేపు ఎవరైనా వేలెత్తి చూపితే ఆయన్ని కాపాడేది ఆ సంతకాలే. కొరింథీయుల రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయంలో పౌలు కూడా కానుక తీసుకెళ్ళేటప్పుడు పక్కన మనుషుల్ని పెట్టుకున్నాడు.

జార్జ్ ముల్లర్ ఇంగ్లండులో బ్రిస్టల్ ఊళ్ళో అనాథాశ్రమాలు నడుపుతూ ఎవరి ముందూ చెయ్యి చాచలేదని మన దైవజనులు తరచూ చెప్తారు. ఆయన ఏటేటా లెక్కలు అచ్చువేయించేవాడని, అప్పు చెయ్యకూడదని నియమం పెట్టుకున్నాడని చెప్పేవాళ్ళు తక్కువ. ఆయన బావమరిది ఆంథొని నోరిస్ గ్రోవ్స్ వెంట 1836లో బౌడెన్, బీర్ అనే మిషనరీ దంపతులు వచ్చి, నర్సాపురం, పాలకొల్లు వైపు గోదావరి డెల్టాలో పని మొదలుపెట్టారు. నెల జీతం ఇచ్చే సంస్థ వాళ్ళ వెనక లేదు. మన తెలుగు నేల మీద ఇది కొత్త దారి కాదమ్మా.

పని మాట. నువ్వు జాకెట్లు కుట్టి, సాయంత్రం ట్యూషన్ చెప్తే పరిచర్య తక్కువైపోదు. మీ ఆయన వారంలో రెండు రోజులు ఏదైనా పని చేస్తే కొందరు పెద్దలు మూతి తిప్పుతారు, "కాపరి నమ్మకం తగ్గింది" అంటారు. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లల ఇంట్లో డేరాలు కుట్టాడు. అదే పౌలు, సువార్త ప్రకటించేవాళ్ళు సువార్త వల్లే బతకాలని కూడా రాశాడు. రెండూ మన బైబిల్లోనే ఉన్నాయి. కాబట్టి పని చెయ్యండి, సంఘం బాధ్యతని కూడా సంఘానికి గుర్తు చెయ్యండి. దాని గురించి పెద్దల ముందు కూర్చుని మామూలు మాటల్లో చెప్పండి: మాకు నెలకి ఇంత అవుతోంది, ఇంత వస్తోంది అని. సాక్ష్యం పేరుతో మైకులో "నిన్న రాత్రి మా ఇంట్లో బియ్యం లేవు" అని చెప్పి ఏడవడం నాకు నచ్చదు. అది అడగడమే, పైగా వంకరగా అడగడం. ప్రార్థన అంశం కింద ఫోన్‌పే నంబర్ పెట్టేవాళ్ళ గురించి ఇక నేనేం రాయను.

కానుక తగ్గిన నెలల్లో సంఘాన్ని అనుమానించకు. మనది కోత చూసుకుని బతికే ఊరు. వరి ఇంటికొచ్చాక, మళ్ళీ ఎండల్లో జీడిపిక్కలు అమ్ముడయ్యాక చేతిలో డబ్బు ఆడుతుంది. ఆషాఢం, శ్రావణంలో వాళ్ళ ఇళ్ళల్లోనే గింజ ఉండదు, కుర్రాళ్ళు కేరళ, చెన్నై పోయి ఉంటారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఈ గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ఊళ్ళే దెబ్బతిన్నాయి. ఆ ఏడాది కానుక పళ్ళెం ఎలా నిండుతుంది? అందుకే కోతలప్పుడు వచ్చిన ధాన్యంలో వానాకాలానికి కొంత పక్కన పెట్టు. ఎడారిలో దేవుడు రోజూ కురిపించిన మన్నా దాచుకుంటే పురుగు పట్టింది కదా అంటావేమో. ఆరో రోజు రెండింతలు ఏరుకోమన్నది కూడా ఆ దేవుడే, యోసేపు చేత ఏడేళ్ళు ధాన్యం నిల్వ చేయించిందీ ఆయనే.

మీ ఆయన బండి మీద రోజూ ఘాట్ రోడ్డు ఎక్కి దిగుతాడు. పోస్టాఫీసులోనో బ్యాంకులోనో ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, జీవనజ్యోతి 436 రూపాయలు. మొదటిది ప్రమాదంలో చనిపోతే, రెండోది ఏ కారణంతో చనిపోయినా, 2 లక్షలు ఇంటికి ఇస్తుంది. జీవనజ్యోతిలో 50 ఏళ్ళ లోపే చేరాలి. మే నెలాఖరుకి ఖాతాలో ఆ డబ్బు ఉండాలి, లేకపోతే ఆగిపోతుంది. బీమా చేస్తే విశ్వాసం లేనట్టే అనేవాళ్ళకి, తన ఇంటివాళ్ళని చూసుకోనివాడు అవిశ్వాసి కన్నా చెడ్డవాడని తిమోతికి పౌలు రాసిన మాట చూపించు.

పిల్లల దగ్గర అబద్ధం ఆడకు. "ఈ నెల డబ్బు తక్కువ, చెప్పులు వచ్చే నెల కొందాం" అను. "దేవుడు ఇవ్వలేదు" అనకు, ఆ మాట వాళ్ళ మనసులో చాలా ఏళ్ళు ఉండిపోతుంది. వచ్చినప్పుడు మాత్రం ఎవరి చేత వచ్చిందో చెప్పి, వాళ్ళ చేతే ప్రార్థన చేయించు.

చివరగా స్కూల్ ఫీజు కోసం లోన్ తియ్యమంటావా అని అడిగావు. వద్దు. హెడ్‌మాస్టర్ దగ్గరికి మీ ఆయన స్వయంగా వెళ్ళి వాయిదాలు అడగాలి. ఒప్పుకోకపోతే వచ్చే ఏడాది సర్కారు బడిలో చేర్పించండి. మా పిల్లలు ఒడియా మీడియంలో, సర్కారు బళ్ళోనే చదివారు, తెలుగు ఇంట్లో బైబిల్ చదివించి నేర్పాను. వచ్చే శనివారం రైల్లో ఇద్దరూ రండి, నోట్‌బుక్ తేవడం మర్చిపోవద్దు. మీ సంఘ పెద్దలతో మాట్లాడడానికి మా అయ్యగారు గుణుపురం వస్తానన్నారు, ఏ రోజు కుదురుతుందో కనుక్కుని చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ