డిబేట్ చూస్తే బీపీ పెరుగుతోంది.. కేబుల్ తీయించాలా?

ప్రశ్న: మా మామగారి వయసు 64. ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. చాలా ఏళ్లుగా బీపీ మాత్ర వాడుతున్నారు. రాత్రి ఏడింటికి టీవీ ముందు కూర్చుంటే పదకొండు దాకా చానల్ మార్చి చానల్ రాజకీయ చర్చలే. ‘మీకు సీరియళ్లు, నాకు ఇవి.. ఉత్త టైంపాస్’ అంటారు. కానీ మధ్యలో లేచి టీవీ మీదే అరుస్తారు. మొన్న డిబేట్ అవగానే ఇంట్లో మెషీన్‌తో చూస్తే 164/96 వచ్చింది. నిద్ర కూడా సరిగ్గా పట్టడం లేదు. కేబుల్ తీయించేయమంటారా?
– ఓ పాఠకురాలు, హన్మకొండ

జవాబు: వద్దమ్మా. కేబుల్ తీయిస్తే ఆ డిబేట్ మీ ఇంట్లోనే మొదలవుతుంది. 2009 డిసెంబర్ 9 రాత్రి తెలంగాణ ప్రకటన కోసం ఓరుగల్లులో ఇల్లిల్లూ టీవీ ముందు కూర్చున్నది. ఆ రోజులు చూసినవాళ్లకు చర్చ వినడం అలవాటైపోయింది, అంత తేలిగ్గా పోదు. ఆ మాటకొస్తే పోవాల్సిన పనీ లేదు.

ముందు ఆ 164 సంగతి. అరిచి అరిచి కూర్చున్న మనిషికి అప్పటికప్పుడు పట్టీ చుడితే ఎవరికైనా ఎక్కువే చూపిస్తుంది. దాన్ని బట్టి మందు పెంచలేం. వారం రోజులు ఇలా చూడండి: పొద్దున మాత్ర వేసుకోకముందు ఒకసారి, సాయంత్రం టీవీ పెట్టకముందు ఒకసారి. అరగంట ముందు నుంచి టీ, సిగరెట్ వద్దు. వీపు కుర్చీకి ఆనించి, కాళ్లు నేల మీద పెట్టి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. పట్టీ చొక్కా మీద కాదు, ఉత్త చేతికే చుట్టాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. ఆ కాసేపూ మాట్లాడకూడదు (మీ మామగారికి కష్టమైన పని ఇదే అనుకుంటా). నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాసిపెట్టండి. సగటు 135/85 దాటితే డాక్టర్‌కు చూపించాలి.

ఇక అరుపుల సంగతి. కోపం వచ్చినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరిగి గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. పక్కింటాయనతో గొడవపడినా, తెర మీది నాయకుడితో గొడవపడినా ఒంటికి తేడా తెలియదు. 2006లో ఫుట్‌బాల్ ప్రపంచకప్ జరిగినప్పుడు జర్మనీ జట్టు ఆడిన రోజుల్లో మ్యూనిక్ ప్రాంతంలో గుండె సంబంధిత అత్యవసర కేసులు మామూలు రోజుల కన్నా రెండున్నర రెట్లు దాటాయి. వాళ్లూ చూసింది వినోదం కోసమే కదా! అప్పటికే గుండె జబ్బు ఉన్నవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ కనిపించింది. కాబట్టి నవ్వుకుంటూ చూస్తే చూడనివ్వండి. లేచి నిలబడి వేలు చూపిస్తూ అరుస్తున్నారంటే అది టైంపాస్ కాదు, ఆ పూటకు చానల్ మార్చాల్సిందే.

నాకు ఎక్కువ అనుమానం మాత్ర మీద, ప్లేటు మీద. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ‘బ్రేక్‌లో వేసుకుందామనుకున్నా సార్’ అంటారు. మాత్రల షీటు రిమోట్ పక్కనే ఉంటుంది, అయినా అందులో మాత్ర అలాగే ఉంటుంది. చర్చ మొదలవకముందే అన్నం, వేళకు మాత్ర అయిపోవాలి. చేతిలో మిక్చర్, సకినాలు, మిర్చి బజ్జీలు ఉంటే ఎన్ని తిన్నదీ తెలియదు. ఉప్పు రోజు మొత్తానికి ఐదు గ్రాములు, అంటే ఒక టీ చెంచా దాటకూడదు. తినాలనిపిస్తే ఉప్పు లేని పల్లీలు, మక్క పేలాలు పెట్టండి.

మామూలుగా నిద్రలో బీపీ తగ్గుతుంది. నిద్రే లేకపోతే ఆ విశ్రాంతి ఒంటికి దొరకదు. తొమ్మిదికల్లా టీవీ కట్టేస్తే మేలు. మిగిలిన చర్చ మర్నాడు పబ్లిక్ గార్డెన్‌లోనో, భద్రకాళి బండ్ మీదో తోటివాళ్లతో నడుస్తూ పెట్టుకోమనండి. అక్కడైతే ఎదుటివాళ్లు జవాబిస్తారు కూడా.

ఛాతీలో నొప్పి, మాట తడబడటం, మూతి వంకరపోవడం, ఒక చెయ్యి లేదా కాలు పట్టు తప్పడం కనిపిస్తే బీపీ చూస్తూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. పక్షవాతంలో రక్తపు గడ్డ కరిగించే మందు సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఇవేవీ లేకుండా సగటు ఎక్కువ వస్తే, వారం చీటీ, వాడుతున్న మాత్రల షీటు, మీ మెషీన్ మూడూ తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మెషీన్ సరిగ్గా చూపిస్తోందో లేదో కూడా అక్కడే తేలుతుంది.