బోరు నీళ్ల ఫ్లోరైడ్, షుగర్ ట్యూబులో ఫ్లోరైడ్ ఒకటేనా?

ప్రశ్న: అమ్మకు షుగర్. ఊళ్లోకి వచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబ్ అబ్బాయి బూడిద రంగు మూత ఉన్న ట్యూబులో రక్తం పోస్తూ, ఇందులో ఫ్లోరైడ్ ఉంటది, అది ఒక ఎంజైమ్‌ను ఆపుతది అన్నాడు. ఏళ్ల తరబడి బోరు నీళ్లు తాగినోళ్లం మేము. మా ఒంట్లో కూడా ఆ ఎంజైమ్ ఆగిపోయి ఉంటుందా? అమ్మకు షుగర్ అందుకే వచ్చిందా? టెన్షన్‌గా ఉంది.
- ఓ పాఠకురాలు, మర్రిగూడ మండలం

జవాబు: లేదమ్మా, ఆ టెన్షన్ వదిలెయ్యండి. ఆ ఎంజైమ్ పేరు ఈనొలేజ్. అది ఒళ్లంతా ఆగిపోతే మనిషి బతకడు, ఎందుకంటే ఎర్ర రక్తకణాలకు గ్లూకోజ్‌ను విరగ్గొట్టుకోవడం తప్ప శక్తికి వేరే దారే లేదు.

గ్లూకోజ్ విరిగేది పది మెట్లలో, ఈనొలేజ్‌ది తొమ్మిదోది. ఒకేలాంటి రెండు ప్రోటీన్ ముక్కలు జతకట్టి ఈ ఎంజైమ్ అవుతుంది, ఒక్కో ముక్కలో పని జరిగే చోట రెండు మెగ్నీషియం అయాన్లు ఉండాలి. వచ్చిన పదార్థాన్ని అవి గట్టిగా పట్టుకుంటాయి, పక్కనున్న లైసిన్ అనే అమైనో ఆమ్లం దాన్నుంచి ఒక ప్రోటాన్‌ను లాగేస్తుంది, ఆ తర్వాత ఒక నీటి అణువు ఊడిపోతుంది. అంతే పని. కానీ దానివల్ల మిగిలిన పదార్థంలో ఫాస్ఫేట్ ఎంత శక్తితో ఉంటుందంటే పదో మెట్టులో దాన్నుంచే కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం తయారవుతుంది. ఫ్లోరైడ్ చేసేదల్లా ఫాస్ఫేట్‌ను తోడు తీసుకుని ఆ మెగ్నీషియం దగ్గర తిష్ఠ వేయడమే, ఇక అసలు పదార్థానికి చోటుండదు.

ట్యూబులో ఇది మనకు కావాలి. తీసిన రక్తంలో కణాలు బతికే ఉంటాయి, షుగర్‌ను తింటూనే ఉంటాయి. మామూలు ట్యూబులో అలాగే వదిలేస్తే గంటకు 5 నుంచి 7 శాతం దాకా తగ్గిపోతుంది, అంటే ఊళ్లో 140 ఉన్నది మూడు గంటల తర్వాత ల్యాబులో 120 లోపే కనిపించొచ్చు. అయితే ఫ్లోరైడ్ కూడా వెంటనే ఆపలేదు, అంతకు ముందు మెట్లలోని ఎంజైములు ఏటీపీ అడుగంటే దాకా నడుస్తూనే ఉంటాయి కాబట్టి మొదటి గంట, రెండు గంటలు కొంత తగ్గుతుంది. అందుకని ట్యూబును చల్లగా ఉంచి తొందరగా చేర్చమని ఆ అబ్బాయికి చెప్పండి.

ఇక మోతాదు సంగతి. ఆ ట్యూబులో లీటరు లెక్కన ఫ్లోరైడ్ వెయ్యి మిల్లీగ్రాముల పైమాటే. తాగే నీటికి పరిమితి 1, వేరే దిక్కు లేకపోతే 1.5. మన పాత బోర్లలో నాలుగైదు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే ఉండేది, అయినా తాగింది తాగినట్టు రక్తంలో నిలవదు, కొంత మూత్రంలో పోతుంది, ఒంట్లో మిగిలింది చాలావరకు ఎముకల్లోకి చేరుతుంది. నల్గొండ జిల్లాను కుంగదీసింది అదే: పళ్ల మీద పసుపు, గోధుమ రంగు గారలు, వంగిన కాళ్లు, బిగుసుకుపోయిన నడుము. భయపడాల్సింది దానికి.

కాబట్టి అమ్మ షుగర్‌కు ఆ ఎంజైమ్‌ను అనుమానించకండి, డాక్టర్ చెప్పిన మందులు ఆపకండి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా చేయించండి, దానికి ట్యూబు వేరు, దారిలో షుగర్ తగ్గినా ఆ లెక్క మారదు. కృష్ణా నీళ్ల నల్లా ఉంటే తాగడానికే కాదు, వంటకూ అవే వాడండి. బోరు నీళ్లను మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.